హాలో బాడీ గిటార్లో పికప్స్ మార్చాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో హాలో బాడీ గిటార్లవే ఎక్కువ. లోపల బోలుగా ఉండి పైన వయొలిన్‌కి ఉన్నట్టు ఎఫ్-హోల్స్ ఉండే ఎలక్ట్రిక్ గిటార్లన్నమాట. దాదాపు అందరూ అడిగింది ఒకటే, పికప్స్ మార్చాలి, ఏవి కొనాలి అని. నా జవాబు మాత్రం చాలామందికి కొనకముందు చూసుకోవాల్సినవాటి గురించే ఉంటుంది, ఎందుకంటే ఈ గిటార్లలో సగం సౌండ్ చెక్క డబ్బాలోంచి వస్తుంది, మిగతా సగం లోపలున్న చిన్న చిన్న పార్ట్స్ మీద ఉంటుంది, పికప్ అందులో ఒక పార్ట్ మాత్రమే. పికప్ అంటే స్ట్రింగ్స్ కింద ఉండి వాటి కదలికని కరెంట్ సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, తీగచుట్ట. చుట్ట ఒకటే ఉంటే సింగిల్ కాయిల్, రెండు ఉండి హమ్ము రద్దు చేస్తే హంబకర్. నెక్ వైపున్నది నెక్ పికప్, స్ట్రింగ్స్ ఆనే బ్రిడ్జ్ వైపున్నది బ్రిడ్జ్ పికప్.

ప్రశ్న: అన్నా, నేను హైదరాబాద్‌లో ఉంటా. రెండు హంబకర్లున్న ఫుల్ హాలో గిటార్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, జాజ్ నేర్చుకుంటున్నా. నెక్ పికప్ మీద పెడితే బేస్ స్ట్రింగ్స్ అంతా ముద్దముద్దగా వినిపిస్తుంది, కార్డ్ కొడితే ఏ నోటు ఏదో తెలీట్లేదు. 15 వేలు పక్కన పెట్టా. ఏ పికప్స్ కొనమంటావ్?

జవాబు: తమ్ముడూ, ఆ 15 వేలు ఇంకో నెల అలాగే ఉంచు. ముందు ఒక స్క్రూడ్రైవర్, ఒక చిన్న స్కేలు తీసుకో. ఆరో స్ట్రింగ్‌ని, అంటే అన్నిటికంటే లావుదాన్ని, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని స్ట్రింగ్ కింది నుంచి పికప్ పైదాకా ఎంత గ్యాప్ ఉందో కొలువు. 2 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే నీ ముద్దకి కారణం చాలావరకు అదే. బేస్ వైపు 3, అవసరమైతే మూడున్నర దాకా దించు, ట్రెబుల్ వైపు 2, రెండున్నర దగ్గర ఉంచు, ఆ తర్వాత సన్న స్ట్రింగ్స్ కింద పికప్ మీదున్న పోల్ స్క్రూలు అర చుట్టు చొప్పున పైకి తిప్పుతూ విను. యాంప్‌లో వాల్యూమ్ కొంచెం పెంచుకో, పికప్ దించాక సౌండ్ తగ్గుతుంది కాబట్టి, తగ్గిన సౌండ్‌ని చెవి ఎప్పుడూ బాలేదనే అనుకుంటుంది, అందుకే చాలామంది మళ్ళీ పైకి లేపేస్తారు.

రెండోది కేబుల్. గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, అది పికప్ కాయిల్‌తో కలిసి ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర చిన్న శిఖరం లేపుతుంది, ఆ పైన ఉన్న ట్రెబుల్ మొత్తం జారిపోతుంది. 4 హెన్రీల ఇండక్టెన్స్ ఉన్న హంబకర్‌కి 6 మీటర్ల కేబుల్ పెడితే ఆ శిఖరం 3200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అదే కేబుల్ 3 మీటర్లైతే 4500 దాకా వెళ్తుంది. ఇంట్లో ప్రాక్టీస్‌కి 6 మీటర్ల కేబుల్ దేనికి చెప్పు. 3 మీటర్లది పెట్టి విను, ఒక్కోసారి పికప్ మార్చినంత తేడా వస్తుంది.

మూడోది పాట్స్, అంటే నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్లు. పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం మందుల షాపుల్లో దొరుకుతుంది, ఫోన్ లైట్ వేసి ఎఫ్-హోల్‌లోంచి ఆ అద్దంతో చూస్తే పాట్ వెనక ఏ500కె అనో బీ500కె అనో రాసుంటుంది. హంబకర్లకి 500 కె, అంటే 500 కిలోఓమ్‌లది కావాలి. నీకంటే ముందు వాడినాయన ఎవరితోనైనా 250 కె వేయించి ఉంటే ట్రెబుల్ అక్కడే చచ్చిపోతుంది. ఏ అంటే ఆడియో టేపర్, చెవికి సమానంగా పెరుగుతున్నట్టు ఉంటుంది, బీ అంటే లీనియర్. ఇంకోటి, 500 కె అని రాసున్నా 20 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే, 400 కూడా రావచ్చు 600 కూడా రావచ్చు, అందుకే కొత్తవి కొంటే మల్టీమీటర్ పెట్టి చూసి ఎక్కువ ఉన్నదాన్ని నెక్ వాల్యూమ్‌కి వాడు.

ఇవన్నీ అయ్యాక కూడా ముద్దగానే ఉంటే అప్పుడు పికప్ కొను, అందులో సందేహం లేదు. జాజ్‌కి పేరు తెచ్చిన గిబ్సన్ ఈఎస్-175 1949లో పీ-90 సింగిల్ కాయిల్‌తో వచ్చింది, 1957 నుంచి గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ చేసిన హంబకర్ దాంట్లో పెట్టారు, ఆ రకం హంబకర్ 7 నుంచి 8 కిలోఓమ్‌ల దగ్గర ఉంటుంది. అల్నికో 2 గానీ 5 గానీ మ్యాగ్నెట్, 7.5 కిలోఓమ్‌ల దగ్గర వైండింగ్, ఇంతే చూసుకో. షాపులో 14, 16 కె ఉన్న సిరామిక్ పికప్ చూపించి ఇది పవర్‌ఫుల్ అంటారు, డిస్టార్షన్ వాయించేవాళ్ళకి అది మంచిదే, కానీ దానికి తీగ చుట్లు ఎక్కువ, ఇండక్టెన్స్ ఎక్కువ, నువ్వు వద్దంటున్న ముద్ద ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: బ్రదర్, విజయవాడలో మా చర్చి వర్షిప్ టీమ్‌లో వాయిస్తాను. పీ-90 పికప్స్ ఉన్న పూర్తి హాలో గిటార్. వాల్యూమ్ కాస్త పెంచితే బొయ్యిమని ఒకటే హోరు, పైగా ఎప్పుడూ సన్నగా హమ్ము. హంబకర్స్ వేయిస్తే రెండూ పోతాయా?

జవాబు: బ్రదర్, మీ పీ-90 సింగిల్ కాయిల్ రకం, కాబట్టి హంబకర్ వేస్తే హమ్ము పోతుంది, హోరు పోదు. ఈ రెండూ వేరు వేరు రోగాలు.

హమ్ము మన 50 హెర్ట్జ్ కరెంట్ది. సింగిల్ కాయిల్ ఏదైనా అది పట్టుకుంటుంది, పీ-90 ఇంకాస్త బాగా పట్టుకుంటుంది. స్ట్రింగ్స్ మీద చెయ్యి పెట్టగానే తగ్గుతుంటే మీ వైరింగ్ బాగానే ఉన్నట్టు, చెయ్యి పెట్టినా ఏమాత్రం మారకపోతే టెయిల్‌పీస్‌కి (స్ట్రింగ్స్ కింది కొసల్ని పట్టుకునే లోహపు ముక్క) వెళ్ళే గ్రౌండ్ వైర్ ఊడిందేమో చూడండి, మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి ఒక పిన్ను జాక్ (కేబుల్ గుచ్చే చోటు) బయటి రింగుకి, ఇంకో పిన్ను టెయిల్‌పీస్‌కి ఆనిస్తే తెలిసిపోతుంది. స్టేజ్ మీద ఎల్‌ఈడీ లైట్ల డిమ్మర్లకీ యాంప్ ట్రాన్స్‌ఫార్మర్‌కీ కొంచెం పక్కకి తిరిగి నిలబడ్డా చాలా తగ్గుతుంది.

హోరు సంగతి వేరు. యాంప్ సౌండ్ గిటార్ పై పలకని ఊపుతుంది, పలక స్ట్రింగ్స్‌ని ఊపుతుంది, పికప్ దాన్ని మళ్ళీ యాంప్‌కి పంపుతుంది. ఎపిఫోన్ క్యాసినో 1961లో వచ్చింది, బీటిల్స్‌లో లెనన్, మెకార్ట్నీ, హారిసన్ ముగ్గురూ వాడిన గిటార్, దాంట్లో మధ్య చెక్క దిమ్మ ఉండదు. 1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335కి మధ్యలో దిమ్మ పెట్టింది ఎక్కువగా ఈ గోల తగ్గించడానికే. మీ గిటార్‌లో దిమ్మ లేదు, ఏ పికప్ వేసినా పలక ఊగడం ఆగదు. ముందుగా మానిటర్ స్పీకర్‌కి ఎదురుగా కాకుండా మీ ఒళ్ళు అడ్డం వచ్చేట్టు నిలబడండి. హోరు వస్తున్న నోటు ఏదో వెతికి ఈక్యూలో, అంటే ఫ్రీక్వెన్సీల వారీగా సౌండ్ మార్చే కంట్రోల్‌లో, అక్కడ మాత్రమే సన్నగా తగ్గించండి. ఎఫ్-హోల్స్‌కి సరిపడా ఫోమ్ ముక్కలు కోసి దూర్చండి, ఇది చాలా పాత ఉపాయం, తీసేస్తే గిటార్ మళ్ళీ ఎప్పట్లాగే ఉంటుంది, ఏమీ పాడవదు.

ఒకటి మాత్రం పికప్ వల్లే వస్తుంది. బొయ్యిమని కాకుండా కీచుమని సన్నగా, స్ట్రింగ్స్ అన్నీ అరచేత్తో మూసినా ఆగకుండా వస్తుంటే కాయిల్‌లో తీగ చుట్లు వదులుగా ఉన్నట్టు. పికప్ కవర్ మీద గోటితో తట్టండి, యాంప్‌లో మైక్ మీద తట్టినంత గట్టిగా వినిపిస్తే అదే. దానికి మైనంలో ముంచడమే మందు, నాలుగు వంతులు పారఫిన్, ఒక వంతు తేనెమైనం, 60-65 డిగ్రీలు దాటకుండా వేడినీళ్ళ గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి, పొయ్యి మంట మీద నేరుగా ఎప్పుడూ పెట్టకండి, మైనం అంటుకుంటుంది, తీగ చుట్టే బాబిన్ పాత ప్లాస్టిక్‌ది అయితే వంకర పోతుంది. చేతనైనవాళ్ళతోనే చేయించండి.

హమ్ము ఒక్కటే బాధైతే పీ-90 సైజులోనే వచ్చే హమ్ లేని పికప్స్ ఉన్నాయి, చెక్క కోయక్కర్లేదు. హంబకర్ కోసం పై పలక కోయించడం మాత్రం వద్దని గట్టిగా చెప్తున్నా.

ప్రశ్న: సార్, మాది విశాఖ, బీచ్‌కి దగ్గర్లో ఇల్లు. గిటార్ టోగుల్ స్విచ్, వాల్యూమ్ రెండూ గరగరమంటున్నాయి. మొత్తం వైరింగ్ కొత్తది వేసుకుందామనుకుంటున్నా, సోల్డరింగ్ వచ్చు. కానీ వెనక మూత లేదు, అంతా ఎఫ్-హోల్‌లోంచే తియ్యాలి కదా, అదెలా సాధ్యం?

జవాబు: సాధ్యమే, ఓపిక కావాలి. ముందు కాంటాక్ట్ క్లీనర్ ప్రయత్నించండి, తుప్పు వదిలించే నూనె స్ప్రే వద్దు, ఎలక్ట్రానిక్స్‌కి అమ్మేదే తీసుకోండి, సన్నగొట్టంతో పాట్ పక్క సందులోకి ఒక్క చుక్క కొట్టి నాబ్ ఇరవై ముప్ఫై సార్లు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. సముద్రపు గాలికి జాక్ కాంటాక్టు కూడా నల్లబడుతుంది, ప్లగ్ ఒక పది సార్లు పెట్టి తియ్యండి. చాలా గిటార్లకి దీంతోనే పని అయిపోతుంది.

అవ్వకపోతే ఇలా చెయ్యండి. బ్రిడ్జ్ పలకకి అతికించకుండా ఊరికే నిలబెట్టింది అయితే, స్ట్రింగ్స్ తీసే ముందే దాని పాదాల చుట్టూ పెయింటర్లు వాడే తక్కువ జిగురు టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. ఇది మర్చిపోతే తర్వాత ఇంటొనేషన్, అంటే ప్రతి ఫ్రెట్‌లోనూ శ్రుతి సరిపోవడం, మొత్తం మళ్ళీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. ఇక ప్రతి పాట్ షాఫ్ట్‌కీ ఒక మీటరు గాలం నైలాన్ దారం కట్టి, దాని చివర చీటీ అంటించండి, నెక్ వాల్యూమ్, బ్రిడ్జ్ టోన్ అని. నట్టు విప్పి పాట్‌ని లోపలికి నెట్టినా దారం కొస బయటే వేలాడుతుంటుంది, అదే రేపు మీకు దారి చూపించేది. జాక్ చిల్లులోంచి దారం దూర్చి వెనకవైపు పెద్ద ముడి వెయ్యండి. పాత హార్నెస్, అంటే పాట్స్, స్విచ్, జాక్, వైర్లు అన్నీ కలిసిన సెట్, బయటికి వచ్చేసరికి అన్ని చిల్లుల్లోంచీ దారాలు ఎఫ్-హోల్ దాకా పరుచుకుని ఉండాలి.

కొత్తది గిటార్ బయటే తయారు చెయ్యాలి. గిటార్ మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా రుద్దితే చిల్లుల ముద్ర పడుతుంది, దాన్ని దళసరి అట్టమీదకి ఎక్కించి అదే దూరాల్లో చిల్లులు పెట్టి పాట్స్, స్విచ్, జాక్ అన్నీ ఆ అట్టకి బిగించి అక్కడే సోల్డర్ చెయ్యండి. ఒక్కో వైరుకి మూడు నాలుగు సెంటీమీటర్లు అదనంగా ఉంచండి, మరీ ఎక్కువైతే లోపల పలకకి తగిలి గిజగిజమంటుంది. బయట మెష్ ఉన్న షీల్డ్ వైర్ వాడండి, హాలో గిటార్‌లో లోపలంతా కాపర్ టేపు వేయడం కుదరదు కాబట్టి హమ్ము ఆపేది ఈ మెష్షే, కానీ ఆ మెష్ పాట్, స్విచ్ కాళ్ళకి తగలకుండా చివర్లకి హీట్‌ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకుని బిగిసేది) తొడగండి, తగిలిందా మొత్తం షార్ట్. పాట్ వెనక గ్రౌండ్ సోల్డర్ చేసేటప్పుడు 40 వాట్ల ఐరన్, 60/40 ఫ్లక్స్ సోల్డర్, రెండు మూడు సెకన్లకి మించి ఆనించకండి. తర్వాత ఆ అట్ట మీదే యాంప్‌కి కనెక్ట్ చేసి, పికప్ పోల్స్ మీద స్క్రూడ్రైవర్ తట్టి, స్విచ్ మూడు పొజిషన్లూ, నాబ్‌లు అన్నీ చూసుకోండి. లోపల పెట్టాక తప్పు కనిపిస్తే మళ్ళీ అంతా బయటికే.

తిరిగి పెట్టేటప్పుడు ఎఫ్-హోల్ అంచులకి మెత్తటి గుడ్డ కట్టి, దూరంగా ఉన్నది ముందు, దగ్గరది తర్వాత, దారం పట్టి లాగుతూ ఒక్కొక్కటే చిల్లులోకి తీసుకురండి. అక్వేరియంలో గాలికి వాడే ప్లాస్టిక్ గొట్టం పాట్ షాఫ్ట్‌కి గట్టిగా పడుతుంది, దారం జారుతుంటే అది తొడిగి లాగండి. ఆఖర్న జాక్.

పార్ట్స్ కొనేముందు రెండు కొలతలు తీసుకోండి. ఎఫ్-హోల్ ఎక్కువ వెడల్పున్న చోట ఎంతుంది? 24 మిల్లీమీటర్ల పెద్ద పాట్ అందులోంచి పట్టకపోవచ్చు, 16 మిల్లీమీటర్లవి సులువుగా వెళ్తాయి, సౌండ్‌లో తేడా ఏమీ ఉండదు. పలక చిల్లు ఎంతుంది? అమెరికన్ సీటీఎస్ పాట్‌కి దాదాపు 9.5 మిల్లీమీటర్లు కావాలి, ఆసియా గిటార్లలో చిల్లు చాలావరకు అంతకంటే చిన్నది. పెద్దది చెయ్యాల్సి వస్తే చేత్తో తిప్పే టేపర్ రీమర్ వాడండి, డ్రిల్ పెడితే పైన పాలిష్ పొరలుగా లేచిపోతుంది.

ప్రశ్న: నమస్తే, టెక్సస్ నుంచి రాస్తున్నాను. కొత్త బ్రిడ్జ్ పికప్ వేశాను. ఒక్కొక్కటిగా వాయిస్తే బాగుంది, స్విచ్ మధ్యలో పెడితే సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంది.

జవాబు: స్విచ్ మధ్యలో ఉంటే రెండు పికప్స్ కలిసి పనిచేస్తాయి, మీవి ఒకదానికొకటి ఎదురు ఫేజ్‌లో ఉన్నాయండి, అంటే ఒకటి సిగ్నల్ పైకి పంపినప్పుడు ఇంకోటి కిందికి పంపి కొంత రద్దు చేస్తోంది. మీటర్‌ని పికప్ రెండు వైర్లకి పెట్టి, పోల్స్ మీద స్క్రూడ్రైవర్ రేకు ఆనించి చటుక్కున లాగండి, అంకె ఒక్కక్షణం పెరుగుతుందో తగ్గుతుందో చూడండి. రెండో పికప్‌కి కూడా అదే చెయ్యండి, ఒకటి పెరిగి ఒకటి తగ్గితే ఖాయం. కొత్తదానికి నాలుగు రంగు వైర్లుంటే సిగ్నల్, గ్రౌండ్ మార్చి వేస్తే చాలు. బయట మెష్, లోపల ఒకే వైరు ఉన్న రకమైతే అలా మార్చకండి, మెష్‌కి, పికప్ కవర్‌కి సిగ్నల్ ఎక్కి హమ్ము మొదలవుతుంది. దానికి అడుగున మ్యాగ్నెట్ తిరగేసి పెట్టించాలి.

ప్రశ్న: బెంగళూరు నుంచి. గ్రెచ్ గిటార్ సౌండ్ అంటే పిచ్చి నాకు, కానీ నా హాలో గిటార్‌లో మామూలు హంబకర్స్. ఫిల్టర్‌ట్రాన్ వేసుకోవచ్చా?

జవాబు: వేసుకోవచ్చు, కానీ గ్రెచ్ కంపెనీ వాడే ఈ అసలు ఫిల్టర్‌ట్రాన్ పికప్ సైజు వేరు, హంబకర్ కంటే చిన్నది, పెట్టేస్తే చుట్టూ ఖాళీ కనిపిస్తుంది. హంబకర్ రింగులో సరిపోయేట్టు చేసినవి టీవీ జోన్స్ లాంటి కంపెనీల దగ్గర ఉన్నాయి, అవే తీసుకోండి.

ఈ పికప్ పుట్టిన తీరు చెప్పకుండా ఉండలేను. గిటారిస్ట్ చెట్ అట్కిన్స్ పేరుమీద వచ్చిన గ్రెచ్ 6120లో మొదట డీఆర్మండ్ కంపెనీ సింగిల్ కాయిల్స్ ఉండేవి, ఆయనకి అవి నచ్చలేదు, హమ్ము కూడా బాధే. యాంప్లు చేసే రే బట్స్ అనే ఆయన చెట్ కోసం హమ్ లేని పికప్ చేశాడు, 1957 కల్లా అది గ్రెచ్ గిటార్లలోకి వచ్చేసింది, అదే ఏడు గిబ్సన్ హంబకర్ కూడా వచ్చింది. ఒకే హమ్ము సమస్యకి ఇద్దరు మనుషులు విడివిడిగా చేసిన జవాబులు, రెండూ ఇప్పటికీ బతికున్నాయి. ఫిల్టర్‌ట్రాన్‌లో తీగ తక్కువ, సుమారు 4 నుంచి 5 కె, అందుకే ఆ మెరుపు, స్ట్రింగ్ గీసిన చప్పుడు కూడా వినిపిస్తుంది. సౌండ్ మీ పాత హంబకర్ కంటే చిన్నగా ఉంటుంది, అది లోపం కాదు, యాంప్ పెంచుకోండి. ఒకటి మాత్రమే మార్చితే స్విచ్ వేసినప్పుడల్లా వాల్యూమ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, మారిస్తే రెండూ మార్చండి.

ప్రశ్న: టోన్ కెపాసిటర్ పాతకాలంది కొంటే సౌండ్ మారుతుందంటున్నారు, ఒక్కోటి వేలల్లో ఉంది.

జవాబు: కొనకండి. ఇది టోన్ నాబ్ తిప్పినప్పుడు ట్రెబుల్‌ని తగ్గించే చిన్న పార్ట్, 0.022 మైక్రోఫారడ్ అంటే ఏ కంపెనీదైనా గిటార్‌లో అంతే పనిచేస్తుంది. అంకె మారిస్తే మాత్రం మారుతుంది, 0.047 పెడితే టోన్ తగ్గించినప్పుడు మరీ మూసుకుపోతుంది, 0.015 పెడితే నెక్ పికప్‌కి తేటగా ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో కొద్ది రూపాయలకే దొరుకుతాయి, మూడు రకాలూ తెచ్చుకుని విని పెట్టుకోండి. మిగిలిన డబ్బుల్లో మంచి స్విచ్, మంచి జాక్ కొనండి, చెడిపోయేవి అవే. వాల్యూమ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ పోతోందని బాధైతే కెపాసిటర్ వైరుని వాల్యూమ్ పాట్ ఇన్‌పుట్ కాలు నుంచి తీసి మధ్యకాలుకి మార్చండి, 50ల వైరింగ్ అంటారు దీన్ని, ఒక్క సోల్డర్ పని, పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: అన్నయ్యా, కరీంనగర్ నుంచి రాస్తున్నా. నాన్నగారి పాత ఎఫ్-హోల్ ఆర్చ్‌టాప్ (పై పలక వంపుగా ఉండే) గిటార్ ఉంది, పికప్ లేదు. ఆయన పోయాక దాన్ని నేను వాయిస్తున్నా. పికప్ పెట్టించి కాలేజీ ఫంక్షన్లో వాయించాలని ఉంది. షాపతను పై పలకకి రంధ్రం కొట్టి పెడతానన్నాడు.

జవాబు: ఆ గిటార్ షాపులో ఇవ్వకమ్మా. పలక కోస్తే మైక్ పెట్టకుండా వాయించినప్పుడు వచ్చే ఆ సౌండ్ మళ్ళీ రాదు. నీకు కావాల్సింది ఫ్లోటింగ్ పికప్, అది నెక్ చివరకో పిక్‌గార్డ్‌కో (స్ట్రింగ్స్ పక్కన పలకకి గీతలు పడకుండా ఉండే ముక్క) పట్టుకుని పలకకి తగలకుండా గాల్లో ఉంటుంది. జాజ్ వాళ్ళు 1930ల చివరి నుంచీ ఇదే వాడారు, డీఆర్మండ్ వాళ్ళవి అప్పట్లో బాగా పేరున్నవి, ఇప్పుడు కెంట్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుతో పలచటివి వస్తున్నాయి.

కొనేముందు నెక్ చివర దగ్గర స్ట్రింగ్స్‌కీ పలకకీ మధ్య గ్యాప్ కొలిచి రాసుకో, పికప్ మందం దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. వాల్యూమ్ పాట్ పిక్‌గార్డ్ అంచు కింద వేలాడేట్టు పెట్టించు, జాక్ టెయిల్‌పీస్ దగ్గర చిన్న క్లిప్పుతో. ఒక్క స్క్రూ కూడా పలకలోకి దిగకూడదని ముందే చెప్పు, పిక్‌గార్డ్ పాతది అయితే దాన్ని తీసి భద్రంగా దాచి కొత్త ముక్కకి బిగించమను. స్ట్రింగ్స్ కూడా చూసుకో, ఇప్పుడు అకౌస్టిక్ బ్రాంజ్ స్ట్రింగ్స్ ఉంటే మ్యాగ్నెటిక్ పికప్‌కి లావు స్ట్రింగ్స్ సరిగ్గా వినిపించవు, మొదటి రెండే గట్టిగా వస్తాయి. నికెల్ స్ట్రింగ్స్ వెయ్యి, సన్న స్ట్రింగ్ మందం 0.012 అంగుళం ఉన్న సెట్, మూడోది పైన తీగ చుట్టు ఉన్నది. ఇదంతా చేయించాక ఒకసారి యాంప్ ఆపేసి కూడా వాయించి చూడు, నాన్నగారు వాయించిన సౌండ్ అలాగే ఉండాలి, ఏమాత్రం మూసుకుపోయినట్టున్నా పికప్ ఎక్కడో పలకకి ఆనుతోందని అర్థం, అక్కడ ఒక మిల్లీమీటర్ పైకి లేపించు.